బిడ్డ మెదడుకు థైరాయిడ్ లోటు రాకుండా: గర్భం నుంచి మూడేళ్ళ దాకా ఏం చేయాలి

థైరాయిడ్ లోటు పెద్దవాళ్ళకు వస్తే మందు కాస్త ఆలస్యంగా మొదలైనా మనిషి మళ్ళీ మామూలవుతాడు. కడుపులో ఉన్న బిడ్డకో పురిటి బిడ్డకో వస్తే అలా కాదు. మెదడు తయారయ్యే రోజుల్లో థైరాయిడ్ హార్మోను అందకపోతే తర్వాత ఎంత మందు ఇచ్చినా ఆ నష్టం పూడదు. అందుకే ఈ విషయంలో మోతాదు కన్నా ముందు తేదీ చూసుకోవాలి: గర్భం నిలిచాక మొదటి 12 వారాలు, బిడ్డ పుట్టిన 3వ రోజు, 14వ రోజు, ఆ తర్వాత మూడేళ్ళు.

ఇంకో సంగతి మొదట్లోనే తేల్చుకోవాలి. అయోడిన్ లోటు వేరు, గ్రంథి లోపం వేరు. గొంతులో ఉండే థైరాయిడ్ గ్రంథి హార్మోను తయారు చేయడానికి అయోడిన్ ముడిసరుకు. సరుకు అందకపోతే గ్రంథి ఉన్నదాన్నే పిండుకునే ప్రయత్నంలో ఉబ్బుతుంది. గొంతు గడ్డ అనేది అదే, డాక్టర్లు గాయిటర్ అంటారు. దీనికి అయోడిన్ కలిపిన ఉప్పు సరిపోతుంది. రెండో రకంలో తినే తిండిలో అయోడిన్ ఉన్నా, గ్రంథి పుట్టుకతోనే లేకపోవచ్చు, ఉండాల్సిన చోట కాకుండా నాలుక మొదట్లో ఉండిపోవచ్చు, పెద్దవాళ్ళలో అయితే సొంత రోగనిరోధక శక్తే దాన్ని తినేయొచ్చు. దీనికి థైరాక్సిన్ మాత్ర తప్ప దారి లేదు. ఇవాళ మన ఊళ్ళలో, పట్నాల్లో పెద్దవాళ్ళు మాత్రలు వాడుతున్న థైరాయిడ్‌లో ఎక్కువ భాగం ఈ రెండో రకమే. అయోడిన్ ఉప్పు ఎక్కువ వేసుకుంటే అది తగ్గదు, మోతాదు మించిన అయోడిన్‌తో కొందరికి ముదురుతుంది కూడా.

ఉప్పు: లెక్క, పరీక్ష, నిల్వ

రోజుకు కావాల్సిన అయోడిన్ అయిదేళ్ళలోపు పిల్లలకు 90 మైక్రోగ్రాములు, 6 నుంచి 12 ఏళ్ళ వాళ్ళకు 120, పెద్దలకు 150. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు 250. తల్లి తన అవసరంతో పాటు బిడ్డకు కూడా సరఫరా చేయాలి కదా, పైగా గర్భంలో మూత్రం ద్వారా పోయే అయోడిన్ కూడా పెరుగుతుంది.

మన దేశంలో అయోడిన్ ఉప్పు కొనేవాళ్ళ చేతికి వచ్చేసరికి అందులో అయోడిన్ కనీసం 15 పీపీఎం ఉండాలన్నది నిబంధన. పీపీఎం అంటే గ్రాము ఉప్పులో అన్ని మైక్రోగ్రాములు. రోజుకు 10 గ్రాముల ఉప్పు తినే మనిషికి 15 పీపీఎం ఉప్పుతో 150 మైక్రోగ్రాములు వస్తాయి, వంటలో అందులో అయిదో వంతు దాకా పోతుంది. బీపీ భయంతో ఉప్పును 5 గ్రాములకు, అంటే దాదాపు ఒక చెంచాకు తగ్గించిన ఇంట్లో అదే ఉప్పు 75 మాత్రమే ఇస్తుంది. ఉప్పు తగ్గించడం మంచిదే. ఆ తగ్గించిన ఉప్పు తాజాది, సరిగ్గా నిల్వ చేసినది అయి ఉండాలి, పాలు, పెరుగు, గుడ్డు, సముద్రపు చేప కూడా తిండిలో ఉండాలి. చేప, గుడ్డు ముట్టని ఇంట్లో పాలు, పెరుగు మానేసి వీగన్ పద్ధతిలో తినే గర్భిణి ఈ లెక్క డాక్టరుతో కూర్చుని వేసుకోవడం మేలు.

ఏ ఉప్పు అన్నది ఇంకా ముఖ్యం. నౌపడ, చినగంజాం, ఇస్కపల్లి లాంటి చోట్ల మళ్ళలో పండే కల్లుప్పు సముద్రం నుంచే వస్తుంది కాబట్టి అందులో అయోడిన్ ఉంటుందనుకుంటారు. విడిగా కలిపితే తప్ప లెక్కలోకి వచ్చేంత ఉండదు. సైంధవ లవణం, గులాబీ రంగు రాతి ఉప్పు, నల్ల ఉప్పు కూడా అంతే. ఆరోగ్యం పేరు చెప్పి అయోడిన్ ఉప్పు తీసేసి, దాని చోట సైంధవ లవణం పెట్టడం ఈ మధ్య చదువుకున్న ఇళ్ళలోనే ఎక్కువ కనబడుతోంది. గర్భిణి ఉన్న ఇంట్లో అది చేయదగ్గ పని కాదు. ఆవకాయకు కల్లుప్పు వాడుకోండి, రోజూ అన్నంలోకి వచ్చే కూర, పప్పు, చారు మాత్రం అయోడిన్ ఉప్పుతోనే చేయండి.

ఇంట్లో ఉన్న ఉప్పులో అయోడిన్ ఉందో లేదో చూసుకోవడానికి ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెప్పిన తేలిక పద్ధతి ఒకటుంది. బంగాళాదుంపను అడ్డంగా కోసి, కోసిన ముఖం మీద ఉప్పు చల్లి ఒక నిమిషం ఆగాలి. ఆ తర్వాత రెండు చుక్కల నిమ్మరసం వేయాలి. అయోడిన్ కలిపిన ఉప్పయితే నీలం రంగు తేలుతుంది, మామూలు ఉప్పయితే ఏమీ మారదు. దుంపలోని పిండి పదార్థం, విడుదలైన అయోడిన్ కలిసి ఆ రంగు ఇస్తాయి. ఉందా లేదా అన్నంత వరకే ఇది చెబుతుంది, ఎంత ఉందో చెప్పదు. ఆశా కార్యకర్తల దగ్గరుండే చిన్న సీసా కిట్‌లో రంగు ముదురును పట్టికతో పోల్చి 15 పీపీఎం పైనా కిందా అని చూస్తారు. కిట్ చుక్క వేసినా రంగు రాకపోతే వెంటనే లేదని రాసేయకూడదు. ఉప్పులో క్షారం ఎక్కువైతే రంగు రాదు. కిట్‌లోనే ఉండే రెండో సీసా ద్రావణం ఒక చుక్క ముందు వేసి, మళ్ళీ పరీక్ష చుక్క వేసి చూడాలి.

నిల్వ సంగతి: పొయ్యి పక్కన మూత లేని డబ్బాలో, తడి చెంచా పెట్టి తీసే ఉప్పు చెమ్మ పట్టి నీరు ఊరుతుంది. ఆ నీటితో అయోడిన్ కూడా అడుగుకు దిగిపోతుంది, పైన మిగిలిన ఉప్పు బోసిది. ప్యాకెట్ కత్తిరించాక గాలి చొరని డబ్బాలో పోసి, పొయ్యికి, కిటికీ ఎండకు దూరంగా పెట్టండి. నెలకు సరిపడా మాత్రమే కొనండి. కూర ఉడుకుతున్నప్పుడు కాకుండా దించే ముందు ఉప్పు వేయడం అలవాటు చేసుకోండి. మట్టి ఉందని ఉప్పును కడిగి ఆరబెట్టే అలవాటున్న ఇళ్ళలో అయోడిన్ చాలావరకు ఆ కడుగు నీళ్ళలోనే పోతుంది.

ఉప్పులో అయోడిన్ కలిపితే గాయిటర్ తగ్గుతుందని మన దేశంలో నిలబెట్టి చూపినది శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామి. 1956లో హిమాచల్‌లోని కాంగ్రా లోయను మూడు భాగాలు చేసి, రెండింటికి అయోడిన్ ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు ఇచ్చి ఏళ్ళ తరబడి పిల్లల గొంతులు చూశారు. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం వచ్చింది, 1992లో దాని పేరు అయోడిన్ లోపాల నియంత్రణ కార్యక్రమంగా మారింది. గడ్డ ఒక్కటే కాదు, బుద్ధిమాంద్యం, చెవుడు, గర్భస్రావాలు కూడా ఈ లెక్కలోవే అని ఆ పేరు మార్పుకు అర్థం. వానలకు పైమట్టి కొట్టుకుపోయిన కొండ ప్రాంతాల నేలలో అయోడిన్ తక్కువ, అక్కడి పంటలో కూడా తక్కువే. మన్యంలో స్థానికంగా పండినదే తిని, సంతలో విడి ఉప్పు కొనే కుటుంబాలకు ఇవాళ్టికీ ఇది పాత కథ కాదు.

క్యాబేజీ, కర్రపెండలం, సజ్జల గురించి అడుగుతుంటారు. ఇవి గ్రంథి పనికి కొంత అడ్డం పడేది అయోడిన్ కూడా తక్కువగా ఉన్నప్పుడే. ఉడికించిన క్యాబేజీని మానక్కర్లేదు. కర్రపెండలాన్ని మాత్రం చెక్కు తీసి, నీళ్ళు మార్చి బాగా ఉడికించాలి.

గర్భం నిలవక ముందు, నిలిచాక

బిడ్డ గ్రంథి దాదాపు 12వ వారానికి పని మొదలుపెడుతుంది. తన అవసరానికి తగినంత తయారు చేసేసరికి 18 నుంచి 20 వారాలు పడుతుంది. అంతవరకు బిడ్డ మెదడు నడిచేది తల్లి హార్మోను మీదే. తీవ్రమైన అయోడిన్ లోటున్న చోట చెవుడు, మాట రాకపోవడం, మెల్లకన్ను, కాళ్ళు బిగుసుకుపోవడం లాంటివాటితో పిల్లలు పుట్టేది ఈ నెలల్లో జరిగిన నష్టం వల్లే. పుట్టాక అయోడిన్ ఇచ్చి దాన్ని సరిచేయలేం.

కాబట్టి టీఎస్‌హెచ్ పరీక్ష (థైరాయిడ్‌ను పని చేయమని మెదడు కింది గ్రంథి పంపే హార్మోను ఇది, థైరాయిడ్ లోటుంటే రక్తంలో పెరుగుతుంది) మూడో నెలలో కార్డు రాయించుకునే దాకా ఆగకూడదు. నెల తప్పిందని తెలిసిన వారంలోనే చేయించుకోవాలి. ఇంతకు ముందు గర్భస్రావం అయినవాళ్ళు, ఇంట్లో థైరాయిడ్ ఉన్నవాళ్ళు, మధుమేహం ఉన్నవాళ్ళు, గొంతు ఉబ్బినట్టు కనబడేవాళ్ళు అయితే గర్భానికి ప్రయత్నించే ముందే చేయించుకోవడం మేలు.

ఇప్పటికే థైరాక్సిన్ వాడుతున్న స్త్రీకి గర్భం నిలవగానే అవసరం 25 నుంచి 30 శాతం పెరుగుతుంది. వైద్య మార్గదర్శకాల్లో దీనికి ఒక తేలిక పద్ధతి ఉంది. వారానికి 7 మాత్రలు వేసుకునేవాళ్ళు 9 వేసుకోవాలి, అంటే వారంలో రెండు రోజులు రెండేసి. ఈ ఏర్పాటు గర్భానికి ముందే డాక్టరుతో మాట్లాడి పెట్టుకుంటే, అపాయింట్‌మెంట్ దొరికే దాకా రెండు మూడు వారాలు పోగొట్టుకోకుండా ఉంటారు. ఆ తర్వాత సగం నెలలు నిండే దాకా నాలుగు వారాలకోసారి, మళ్ళీ 30వ వారం దగ్గర ఒకసారి టీఎస్‌హెచ్ చూస్తారు. మందు వాడుతున్నవాళ్ళకు అది 2.5 లోపు ఉండేలా చూస్తారు. భయపడి మందు ఆపేసే తల్లులు ఉంటారు. గర్భంలో థైరాక్సిన్ బిడ్డకు హాని చేయదు, లేకపోవడమే హాని.

ఇక రోజూ జరిగే తప్పు. గర్భిణికి ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర కూడా ఇస్తారు. ఈ రెండూ థైరాక్సిన్‌ను పేగులో పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు. కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. ఇలా పెట్టుకుంటే కుదురుతుంది: ఉదయం 6కి పరగడుపున మంచినీళ్ళతో థైరాక్సిన్, 7కి కాఫీ, టిఫిన్. మధ్యాహ్నం భోజనంతో మొదటి కాల్షియం. సాయంత్రం 5కి ఐరన్, దానికి అటూ ఇటూ టీ వద్దు. రాత్రి భోజనంతో రెండో కాల్షియం. మాత్ర వేసుకున్న అయిదు నిమిషాలకే ఫిల్టర్ కాఫీ తాగితే మందులో కొంత వృథా. వేవిళ్ళతో ఉదయం కక్కుకునే వాళ్ళు రాత్రి భోజనమైన మూడు గంటలకు, కాల్షియాన్ని ఇంకా ముందు వేళకు మార్చి, వేసుకోవచ్చు. ప్రభుత్వం ఇచ్చే ఐరన్-ఫోలిక్ మాత్రలో అయోడిన్ ఉండదు, అది ఉప్పు నుంచే రావాలి.

అమెరికాలో ఉన్న మన అమ్మాయిలకు ఒక్క మాట. అక్కడ కోషర్ ఉప్పు, సముద్రపు ఉప్పు పేరుతో వచ్చేవాటిలో చాలావరకు అయోడిన్ కలపరు, ప్యాకెట్ తిండిలోని ఉప్పు కూడా ఎక్కువగా అలాంటిదే. గర్భిణుల విటమిన్ మాత్రలో 150 మైక్రోగ్రాముల అయోడిన్ ఉందో లేదో సీసా వెనక చదివి తీసుకోవాలి, అన్నిటిలో ఉండదు. థైరాయిడ్ ఎక్కువై మందులు వాడుతున్నవాళ్ళు మాత్రం డాక్టరును అడగకుండా అయోడిన్ మాత్ర ముట్టుకోకూడదు. వాళ్ళ మందును కూడా గర్భం తొలి వారాల్లోనే మార్చాల్సి రావొచ్చు.

బిడ్డ పుట్టిన మొదటి రెండు వారాలు

పుట్టుకతో థైరాయిడ్ లోటు మన దేశంలో సుమారు వెయ్యి మందిలో ఒక బిడ్డకు ఉంటుంది. పుట్టినప్పుడు వీళ్ళలో ఎక్కువమంది చూడడానికి మామూలుగానే ఉంటారు. తల్లి హార్మోను కొంత బిడ్డ ఒంట్లో మిగిలి ఉండడమే కారణం. తర్వాత మెల్లగా బయటపడే గుర్తులు: రెండు వారాలు దాటినా పోని పసిరికలు (పచ్చకామెర్లు), మలబద్ధకం, బొడ్డు ఉబ్బు, బయటికి కనబడే మందపాటి నాలుక, బొంగురు ఏడుపు, చల్లటి ఒళ్ళు, పాలకు కూడా లేవని నిద్ర. ఇంట్లో పెద్దవాళ్ళు ‘బంగారు తల్లి, అసలు ఏడవదు’ అని మురిసిపోతుంటారు. ఈ గుర్తులన్నీ స్పష్టంగా కనబడేసరికి విలువైన వారాలు గడిచిపోయి ఉంటాయి. అందుకే గుర్తుల కోసం చూడకుండా ప్రతి బిడ్డకూ రక్తపరీక్ష చేయాలి.

పుట్టగానే బిడ్డ టీఎస్‌హెచ్ ఒక్కసారిగా ఎగసి, రెండు మూడు రోజుల్లో దిగుతుంది. మొదటి రోజు రక్తం తీస్తే ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు కూడా ఎక్కువ చూపిస్తుంది. అందుకని 48 గంటలు దాటాక, 72 గంటల లోపు మడమ దగ్గర సూదితో గుచ్చి తీసే రక్తం మంచిది. అంతకుముందే ఇంటికి పంపే ఆసుపత్రి అయితే కాన్పు సమయంలోనే బొడ్డుతాడు రక్తం తీయమని ముందుగా అడగాలి. కాన్పయ్యాక అడిగితే అప్పటికి మాయతో పాటు అది కూడా పోయి ఉంటుంది. తొమ్మిదో నెల చెకప్‌లోనే ఈ మాట అడిగి, కేసు కాగితం మీద రాయించుకోవడం ఉత్తమం.

నెల తక్కువ బిడ్డ, రెండు కిలోల చుట్టూ ఉన్న బిడ్డ, కవలలు, ఐసీయూలో ఉన్న బిడ్డ అయితే మొదటి రిపోర్టు బాగున్నా రెండు నుంచి నాలుగు వారాల మధ్య మళ్ళీ చేయించాలి. వీళ్ళలో టీఎస్‌హెచ్ ఆలస్యంగా పెరగొచ్చు. బొడ్డుకో, గాయానికో పొవిడోన్ అయోడిన్ రాయడం ఇంకో చిక్కు. పసిబిడ్డ చర్మం దాన్ని లోపలికి పీల్చేస్తుంది, ఎక్కువైన అయోడిన్ గ్రంథిని తాత్కాలికంగా ఆపేస్తుంది.

రిపోర్టు చదివేటప్పుడు రక్తం ఎలా తీశారో చూడాలి. ఫిల్టర్ కాగితం మీద మొత్తం రక్తంలో చూసిన 10, సీరంలో (రక్తకణాలు తీసేయగా మిగిలే ద్రవంలో) చూసిన 20కి దాదాపు సమానం. సీరం లెక్కలో 20 దాటితే మళ్ళీ పిలిచి నరం నుంచి రక్తం తీసి టీఎస్‌హెచ్‌తో పాటు టీ4, అంటే గ్రంథి తయారు చేసే థైరాక్సిన్ చూస్తారు. 40 దాటితే ఆ రెండో రక్తం తీసిన వెంటనే, ఫలితం కోసం కాచుకోకుండా మందు మొదలుపెడతారు. గ్రంథి ఉందా, ఎక్కడుంది అని చూసే స్కాన్ కోసం మందు ఆపకూడదు, మందు మొదలైన కొద్ది రోజుల్లో కూడా స్కాన్ తీయొచ్చు. ఎలా చూసినా 14వ రోజు లోపు మొదటి మోతాదు బిడ్డ నోట్లో పడాలి.

మాత్ర వేసే పద్ధతి

మొదలుపెట్టే మోతాదు బిడ్డ బరువులో కిలోకు 10 నుంచి 15 మైక్రోగ్రాములు. మూడు కిలోల బిడ్డకు 30 నుంచి 45, సాధారణంగా 25 మైక్రోగ్రాముల మాత్ర ఒకటిన్నర, అంటే 37.5. పెద్దవాళ్ళకు కిలోకు 1.6 చాలు. పసిబిడ్డకు ఇంతా అని అమ్మమ్మలు జంకేది, మందుల షాపువాళ్ళు ప్రిస్క్రిప్షన్‌ను అనుమానించేది ఇక్కడే. డాక్టరు రాసిన మోతాదును వాళ్ళ మాట మీద తగ్గించకండి.

చేతులు కడుక్కుని, పొడి స్టీలు చెంచాలో మాత్ర వేసి, ఇంకో చెంచా వెనక భాగంతో మెత్తగా నూరండి. పలుకులు మిగలకూడదు. అందులో చెంచాడు తల్లిపాలు పోసి కలిపి, బిడ్డ తల కొంచెం ఎత్తి, బుగ్గ లోపలి వైపు కొద్దికొద్దిగా పోయండి. చెంచాకు తెల్లగా అంటుకున్న పొడిని ఇంకొన్ని చుక్కల పాలతో కడిగి అది కూడా పోయండి. మందులో గణనీయమైన భాగం ఆ అంటుకున్న దానిలోనే ఉంటుంది. పాల సీసా మొత్తంలో ఎప్పుడూ కలపొద్దు, బిడ్డ సగం తాగి వదిలేస్తే ఎంత వెళ్ళిందో ఎవరూ చెప్పలేరు. వారానికి సరిపడా నూరి నీళ్ళలో కలిపి ఫ్రిజ్‌లో పెట్టే పని కూడా వద్దు, మందు నీళ్ళలో నిలవదు, అడుగున పేరుకుంటుంది.

రోజూ ఒకే వేళ ఎంచుకోండి. బిడ్డ పూర్తి పరగడుపున ఉండడం కుదరదు, కుదరాల్సిన పనీ లేదు. రోజూ ఒకే తీరున ఇస్తే దానికి తగ్గట్టు మోతాదు సరిచేస్తారు. ఐరన్ చుక్కలు, కాల్షియం సిరప్ ఇస్తుంటే నాలుగు గంటల ఎడం. సోయా పాలపొడి ఇస్తుంటే డాక్టరుకు తప్పక చెప్పాలి. అరగంట లోపు కక్కితే మళ్ళీ ఇవ్వండి. ఉదయం మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే ఇవ్వండి. మాత్రలను వాటి సీసాలోనే, ఎండ, చెమ్మ తగలని చోట పెట్టండి. కంపెనీ మారితే డాక్టరుకు చెప్పి, కొన్ని వారాలకు పరీక్ష చేయించండి.

మందు మొదలైన రెండు వారాలకు మొదటి పరీక్ష. టీ4 ఆపాటికి మామూలు స్థాయిలో పై సగానికి రావాలి, టీఎస్‌హెచ్ నెలలోపు దిగాలి. తర్వాత ఆరు నెలల వరకు నెలకో రెండు నెలలకో, ఏడాది దాకా రెండు మూడు నెలలకు, మూడేళ్ళ దాకా మూడు నాలుగు నెలలకు ఒకసారి. రక్తం మాత్ర వేసే ముందు తీయించండి. బిడ్డ బరువు పెరిగే కొద్దీ మోతాదు మారుతుంది, పాత చీటీతోనే ఆరు నెలలు నెట్టుకురావడం తరచూ జరిగే తప్పు. టీఎస్‌హెచ్ దిగకపోతే మోతాదు పెంచే ముందు చెంచా, ఐరన్ చుక్కలు, మానేసిన రోజులు, ఈ మూడూ నిజాయితీగా చెప్పండి. అదే సమయంలో బిడ్డ చెవి పరీక్ష కూడా ఒకసారి చేయించండి, ఈ పిల్లల్లో వినికిడి లోపం మిగతావాళ్ళకన్నా ఎక్కువ.

బిడ్డ చక్కగా ఆడుకుంటోందని ఏడాదికో రెండేళ్ళకో మందు ఆపేయడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. చక్కగా ఉన్నది మందు వల్లే. స్కాన్‌లో గ్రంథి లేదనో, వేరే చోట ఉందనో తేలితే మందు జీవితాంతం. గ్రంథి ఉన్న చోటే ఉండి, మోతాదు పెంచాల్సిన అవసరం అంతగా రాకపోతే, మూడేళ్ళు నిండాక డాక్టరు నాలుగు వారాలు మందు ఆపించి టీఎస్‌హెచ్, టీ4 చూస్తారు. రెండూ సరిగ్గా ఉంటే అది తాత్కాలిక లోటు. అప్పుడు కూడా కొన్ని నెలల తర్వాత ఇంకోసారి రక్తం చూసి, ఆపైన ఏటా ఎత్తు కొలిపిస్తూ ఉండాలి, పిల్లల్లో థైరాయిడ్ లోటు తిరగబెడితే తరచూ ముందుగా తగ్గేది ఎదుగుదలే.